గుండెకు మందడిగితే క్షమాపణ రాసిస్తున్నారు

బొగ్గు బాయిల ఊళ్లలో గోడలు చదివితే చాలు, కాలం ఎటు పోతున్నదో తెలుస్తుంది. ఒకప్పుడు క్వార్టర్ల గోడల మీద సమ్మె పిలుపులు, సంస్మరణ సభల పోస్టర్లు ఉండేవి. అవి ఇప్పుడూ లేకపోలేదు. కాని వాటి పక్కనే, చాలాచోట్ల వాటి మీదనే, స్వస్థత కూటాల పోస్టర్లు అంటించి ఉంటున్నాయి. రోగాలకు స్వస్థత అనేది పాత మాట. ఇప్పుడు కొత్తగా వినపడుతున్నది హృదయ స్వస్థత, అంతరంగ స్వస్థత. పగిలిన గుండెలను ప్రభువు బాగుచేస్తాడు, రండి అని పిలుపు. వెళ్లేవాళ్లలో నూటికి ఎనభై మంది స్త్రీలని లెక్క తీయనక్కరలేదు, కూటం ముగిశాక ఆటోల దగ్గర నిలబడితే కళ్లకే కనపడుతుంది.

గోలేటి గురించి తెలియనివాళ్లకు ఒక మాట. కొమురంభీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలో ఉన్న ఈ ఊరు సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం. ఇక్కడి భూగర్భ బాయిలు ఒకటొకటిగా మూతపడి ఓపెన్‌కాస్టులు మిగిలాయి. మొత్తం సింగరేణిలో 1990ల మొదట్లో 1,10,000కు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40,000 పరిసరాలకు దిగారు. తట్టాచెమ్మస్ పోయి యంత్రాలొచ్చాయి, పర్మినెంటు పోయి కాంట్రాక్టు వచ్చింది. ఆ కాంట్రాక్టులో ఊడ్చేపని, తోటపని, ఆసుపత్రిలో వార్డుపని, క్యాంటీన్ పని చేసేది ఎక్కువగా స్త్రీలే. ఇంట్లో తాగొచ్చే భర్త, బయట నెలనెలా తేదీ తప్పే జీతం, తలుపు తడితే గిరిగిరి వాడు. చాలా ఇళ్లలో మొగుడి ఏటీఎం కార్డు కూడా వడ్డీవాడి దగ్గరే కుదువ ఉంటుంది. ఇన్నింటి మధ్య గుండె పగలకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి గాని, పగిలినందుకు ఎందుకు ఆశ్చర్యం?

మొదట మన సంగతి మాట్లాడుకుందాం. హక్కుల సంఘాలలో, మహిళా సంఘాలలో, యూనియన్లలో పనిచేసేవాళ్లం ప్రార్థనా మందిరానికి వెళ్లే స్త్రీ గురించి మాట్లాడేటప్పుడు ఒక నవ్వు నవ్వుతాం. అమాయకురాలు, మోసపోతున్నది అంటాం. మతం గురించి మార్క్స్ అన్న ఒక్క మాట కంఠతా వచ్చు గాని, దానికి ముందు వాక్యాలలో పీడితుల దుఃఖం గురించి ఆయన ఏం రాశాడో చదివే ఓపిక లేదు. ఆ స్త్రీకి మనం ఇవ్వనిది అక్కడ ఏం దొరుకుతున్నదని ఎప్పుడైనా అడిగామా?

దొరికేది తక్కువేం కాదు. వారానికి ఒకరోజు ఇంటి నుంచి బయటికి రావడానికి ఎవరూ కాదనలేని కారణం దొరుకుతుంది. గట్టిగా ఏడ్చే చోటు దొరుకుతుంది. క్వార్టర్‌లో ఏడిస్తే పక్కింటికి వినపడుతుంది, కూటంలో ఏడిస్తే ఆత్మ కదిలింది అంటారు. ఊళ్లో ఏ పేరుతో పిలిచినా, అక్కడ "సిస్టర్" అంటారు. మాల, మాదిగ స్త్రీలకు ఆ ఒక్క పిలుపు ఎంత విలువైందో పుట్టుకతోనే గౌరవం దక్కినవాళ్లకు అర్థం కాదు. సాక్ష్యం చెప్పమని మైకు చేతికిస్తారు. మన సభల్లో మైకు ఎవరి చేతిలో ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. ఆసుపత్రిలో పడి ఉంటే నలుగురు వచ్చి తల మీద చెయ్యి పెట్టి పోతారు. సభ్యత్వ రసీదు చించి ఇచ్చి మళ్లీ మహాసభ దాకా కనపడని సంఘాలకు దీన్ని వెక్కిరించే అర్హత లేదు.

కాబట్టి ఈ వ్యాసం విశ్వాసం మీద కాదు. ఆ విశ్వాసంతో వచ్చిన స్త్రీ చేతిలో కాపరులు, ప్రార్థన నాయకులు ఏం పెట్టి పంపుతున్నారన్న దాని మీద.

హృదయ స్వస్థత అనే పద్ధతి బైబిలంత పాతదేమీ కాదు. చైనాలో మిషనరీ దంపతులకు పుట్టిన అమెరికన్ రచయిత్రి ఆగ్నెస్ శాన్‌ఫర్డ్ 1947లో రాసిన పుస్తకంతో మొదలై, 1970లలో కరిస్మాటిక్ ఉద్యమంతో ప్రపంచమంతా పాకింది. కేరళలోని పోట్ట, మురింగూర్ ధ్యాన కేంద్రాల వంటి చోట్ల లక్షలమంది కూర్చున్నారు. పద్ధతి స్థూలంగా ఇది: కళ్లు మూసుకుని గతంలోకి వెళ్లు, నిన్ను గాయపరచిన మనిషిని గుర్తు తెచ్చుకో, ప్రభువు ఆ చోట నిలబడ్డాడని ఊహించుకో, ఆ మనిషిని క్షమించు, విడుదల పొందు. ఎప్పుడో చిన్నప్పుడు జరిగిన అవమానం, చనిపోయిన తండ్రి మీద కోపం, ఇలాంటివాటికి ఇది కొందరికి నిజంగా ఊరటనిచ్చి ఉండవచ్చు. కాదనడానికి నేనెవరిని?

కాని గోలేటిలో, గోదావరిఖనిలో, మందమర్రిలో ఆ కూటానికి వచ్చే స్త్రీ గాయం గతంలో లేదు. రాత్రి సెకండ్ షిఫ్ట్ దిగి తాగి ఇంటికి రాబోతున్నది. కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోవలసిన అవసరం ఆమెకు లేదు, కళ్లు తెరిస్తే చాలు. దెబ్బ ఆగకముందే దెబ్బను క్షమించమనడం స్వస్థత ఎలా అవుతుంది? హింసకు గురైనవాళ్లు కోలుకోవడం గురించి 1992లో పుస్తకం రాసిన అమెరికన్ మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ మూడు దశలు చెప్పింది. మొదటిది భద్రత. దుఃఖాన్ని తలచుకుని ఏడవడం రెండోది. మళ్లీ మనుషులతో కలవడం మూడోది. మొదటిది లేకుండా రెండోది మొదలుపెడితే మేలు కన్నా కీడే జరుగుతుంది. మన కూటాలు రెండో మెట్టు దగ్గర మొదలై, మూడో మెట్టు పాటలతో ముగిసి, మొదటి మెట్టు లేని ఇంటికి ఆమెను తిరిగి పంపుతున్నాయి. పైగా ఆ ఇంట్లో దెబ్బ మళ్లీ పడితే తప్పు ఆమెదే. విశ్వాసం చాలలేదు, పూర్ణ హృదయంతో క్షమించలేదు, ఉపవాసం సగంలో ఆపింది. వైద్యుడి చేతకానితనానికి రోగి దగ్గర జరిమానా వసూలు చేయడమంటే ఇదే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. క్షమించమని చెప్పింది మేము కాదు, వాక్యం అంటారు కాపరులు. మత్తయి సువార్త 18వ అధ్యాయం తీసి, ఏడుసార్లు కాదు డెబ్బై ఏడ్లసార్లు అని పేతురుకు ఇచ్చిన జవాబు చూపిస్తారు. మంచిది. అదే అధ్యాయంలో దానికి నాలుగైదు వచనాల ముందు ఏముందో ఎందుకు చదవరు? తప్పు చేసినవాడి దగ్గరకు వెళ్లి నీ తప్పు ఇదని చెప్పాలి. వినకపోతే ఒకరిద్దరు సాక్షులను వెంట తీసుకుపోవాలి. అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టాలి. సంఘం మాట కూడా వినకపోతే వాణ్ని బయటివాడిగా చూడాలి. అంటే నిలదీయడం, సాక్ష్యం, పంచాయితీ, వెలి. ఇదంతా అయ్యాక క్షమ. భార్యను కొట్టే సంఘ పెద్దను ఆదివారం నాడు సంఘం ముందు నిలబెట్టిన మందిరం ఏదైనా ఉంటే చెప్పండి, వెళ్లి దండం పెట్టి వస్తాను. ముందు భాగమంతా ఎగరగొట్టి చివరి మాటను మాత్రం దెబ్బలు తిన్న మనిషికి వినిపించడం వాక్యం చెప్పడం అనిపించుకోదు.

ఆ పుస్తకాన్ని స్త్రీలు స్వయంగా చదువుకుంటే ఇంకా చాలా కనపడతాయి. రెండవ సమూయేలు 13వ అధ్యాయంలో తామారు ఉన్నది. సొంత సవతి అన్న చేతిలో అత్యాచారానికి గురై, బట్టలు చింపుకుని, తలమీద బూడిద పోసుకుని, వీధిలో కేకలు వేసుకుంటూ పోయింది. అబ్షాలోము ఆమెను ఆపి ఏమన్నాడు? వాడు నీ అన్న గదా ఊరుకో, మనసులో పెట్టుకోకు అన్నాడు. తండ్రి దావీదు రాజుకు కోపమొచ్చింది గాని చేసిందేమీ లేదు. తామారు అన్న ఇంట్లో పాడైపోయిన మనిషిలా ఉండిపోయింది. మనసులో పెట్టుకోవద్దన్న ఓదార్పుతో ఎవరికీ స్వస్థత కలగలేదని ఆ కథ రాసినవాడికి తెలుసు. మన వేదికల మీద మాత్రం ఇంకా అబ్షాలోము మాటే స్వస్థత పేరుతో చెలామణి అవుతున్నది.

హన్నా కథ కూడా అంతే. గొడ్రాలని సవతి చేత మాటలు పడి గుడిలో పెదవులు మాత్రం కదుపుతూ ఏడుస్తుంటే, యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. ఆమె కాదని ఎదురు చెప్పింది, పూజారి మాట వెనక్కి తీసుకున్నాడు. ఇది సంతానం కోసం ప్రార్థించేవాళ్లకు చెప్పే కథగా మిగిలిపోయింది. యాజకుడు తప్పు అర్థం చేసుకుంటే మొహం మీద చెప్పాలన్న సంగతి ఎవరూ చెప్పరు.

మందిరం బయట కూడా ఇదే తంతు. సింగరేణిలో మస్టర్లు తగ్గిన కార్మికులను, నాగాలు ఎక్కువైనవాళ్లను కౌన్సెలింగ్‌కు పిలుస్తారు. భార్యను కూడా వెంట తీసుకురమ్మంటారు. అధికారి వరుసలో కూర్చోబెట్టి, నీ భర్తను సరిగా డ్యూటీకి పంపు, తాగకుండా చూసుకో, ఉద్యోగం పోతే నీ పిల్లలే వీధిన పడతారు అని ఆమెకు చెబుతారు. టన్నుల లెక్క కోసం కంపెనీకి భార్య గుర్తొస్తుంది. కొడితే ఆమె ఎవరితో చెప్పుకోవాలో ఆ గదిలో ఎవరూ చెప్పరు. కంపెనీ దృష్టిలో ఆమె కార్మికుణ్ని బాగుచేసే పనిముట్టు, కాపరి దృష్టిలో భర్తను ప్రభువు దగ్గరకు నడిపించే సాధనం. తాగుడు మాన్పించే బాధ్యత రెండు చోట్లా ఆమెదే. 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమంలో మొగుళ్లను బతిమాలుకోలేదు, సారా దుకాణాలు మూయించారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో సడలించారు. దుకాణాన్ని వదిలేసి తాగినవాడి భార్యకు ప్రార్థన నేర్పడం ప్రభుత్వానికి చాలా సుఖమైన ఏర్పాటు.

ఇక ఉద్యోగం సంగతి. బాయిలో భర్త పోయినప్పుడు, అన్‌ఫిట్ అయినప్పుడు ఇంట్లో జరిగేది బొగ్గు ప్రాంతంలో పనిచేసేవాళ్లకు తెలిసిందే. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఇపిలో నీళ్లు వచ్చి 17 మంది పోయారు. అంత పెద్ద ప్రమాదాలే వార్త అవుతాయి, ఒకరూ ఇద్దరూ పోయేవి జిల్లా పేజీ దాటవు. ఏ మరణమైనా పదకొండో రోజు రాకముందే ఇంట్లో చర్చ మొదలవుతుంది, ఉద్యోగం ఎవరికి? జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలో 9.5 క్లాజు ఉంది. ప్రమాదంలో మరణిస్తే స్త్రీ వారసురాలు వయసుతో పని లేకుండా ఉద్యోగమో, నెలనెలా పరిహారమో తానే ఎంచుకోవచ్చు. వేరే కారణాలతో మరణించినా, అన్‌ఫిట్ అయినా 45 ఏళ్ల లోపు ఆమెకు అదే హక్కు. ఎంచుకోవలసింది ఆమె. మరిది కాదు, మామ కాదు. కాని దుఃఖంలో ఉన్న మనిషి చేత కాగితం మీద సంతకం చేయించుకోవడం ఎంతసేపు? ఉద్యోగం కొడుక్కో మరిదికో పోతుంది, ఆమె కోడలి ఇంట్లో పనిమనిషిగా మిగులుతుంది. ఆ కుటుంబంలో ప్రార్థన పెట్టడానికి వచ్చిన కాపరి ఆ సంతకం రోజున ఆమె పక్కన కూర్చుంటే ఎంత బాగుండేది! ఆయన వచ్చి త్యాగం గురించి వాక్యం చెప్పి పోతాడు.

దీనికి కూడా వాక్యం ఉంది. సంఖ్యాకాండం 27లో సెలోపెహాదు కూతుళ్లు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, ఐదుగురూ మోషే ముందు, పెద్దలందరి ముందు నిలబడ్డారు. మా తండ్రికి కొడుకులు లేనంత మాత్రాన ఆయన వాటా మాకెందుకు రాదని అడిగారు. వాళ్లడిగింది న్యాయమని దేవుడే చెప్పినట్టు రాసి ఉంది. ఏడవలేదు, ఉపవాసం ఉండలేదు, దరఖాస్తు పెట్టుకున్నారు. (తర్వాత 36వ అధ్యాయంలో గోత్రం పెద్దలు వచ్చి, సరే గాని సొంత గోత్రంలోనే పెళ్లి చేసుకోవాలని షరతు పెట్టించారు. పెద్దలు ఎక్కడైనా పెద్దలే.) మన వేతన ఒప్పందం కూడా నేరుగా వారసులయ్యే పిల్లల్లో కొడుకును కొడుకని మాత్రమే రాసి, కూతురికి మాత్రం 'అవివాహిత' అని తోక తగిలించింది. కోల్ ఇండియా కేసులో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు 2016లో అది వివక్ష అన్నది. ఐదుగురు అక్కచెల్లెళ్ల కథ మీద ఒక్క స్వస్థత కూటం పెట్టండి అయ్యా, ఎన్ని గుండెలు బాగుపడతాయో చూద్దాం.

మరో దాపరికం ఉంది, దాని గురించి లోపలివాళ్లూ మాట్లాడరు, బయటివాళ్లూ మాట్లాడరు. మందిరంలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పే దళిత స్త్రీ, మండలాఫీసులో మాత్రం హిందువునని రాయవలసి వస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు ఇవ్వలేదు. మన దగ్గర మతం మారినవాళ్లు బీసీ-సీ. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పిచ్చింది. కులం పేరుతో తిట్టి కొట్టినవాడికి ఆమె మతం అడ్డం రాలేదు, ఆమె ఫిర్యాదుకు మాత్రం అడ్డం వచ్చింది. దేవుడి ముందు హృదయం విప్పమంటారు, ప్రభుత్వం ముందు దాచమంటారు. ఈ రెండు బతుకుల భారం మీద ఏ హృదయ స్వస్థత ప్రసంగంలోనూ ఒక్క మాట ఉండదు. బిషప్పులు ఢిల్లీలో వినతిపత్రాలిస్తారు, నిజమే. ఊరి కూటంలో మాత్రం అది లోకసంబంధమైన విషయం అయిపోతుంది.

ఇదంతా చదివి, మతం మార్పిడుల మీద కర్రలు పట్టుకుని తిరిగేవాళ్లు సంబరపడనక్కరలేదు. 2008లో కందమాల్‌లో ఇళ్లు తగలబెట్టి, స్త్రీల మీద అత్యాచారాలు చేసినవాళ్లకు ఏ స్త్రీ గుండె గురించీ మాట్లాడే నోరు లేదు. ప్రార్థనా మందిరం మీద రాయి పడితే మనం మందిరం వైపే నిలబడతాం. అలా నిలబడేవాళ్లం కాబట్టే లోపల జరిగేది అడుగుతున్నాం.

క్రైస్తవ విశ్వాసం, స్త్రీల దుఃఖం కలిస్తే ఇలాగే కావాలని కూడా లేదు. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచింది. తర్వాత పుణె దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి సదన్. 1905లో అక్కడ ఆడపిల్లలు ఏడుస్తూ, ఒణుకుతూ ప్రార్థనలు చేసిన సంగతి క్రైస్తవ లోకమంతా చెప్పుకుంటుంది. ఆ ఏడ్చిన పిల్లలకు ముందే కప్పు ఉంది, కంచంలో అన్నం ఉంది, చదువుంది, చేతిలో పని ఉంది, అచ్చుయంత్రం ఉంది. కరువులో వీధుల్లో దొరికిన వాళ్లను తెచ్చుకుని ఆమె మొదట అన్నం పెట్టింది. హెర్మన్ చెప్పిన వరుస రమాబాయికి వందేళ్ల ముందే తెలుసు.

చట్టం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే క్రైస్తవ స్త్రీకి విడాకులు లేవని ఇంకా చెబుతున్నారు. 1869 విడాకుల చట్టంలో 2001 దాకా భార్యకు అన్యాయమే ఉండింది, భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో కూడా రుజువు చేయాలి. 2001 సవరణతో క్రూరత్వం ఒక్కటే చాలు. పరస్పర అంగీకారం కూడా వచ్చింది. గృహహింస చట్టం 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది, దానికి మతం లేదు. క్వార్టర్ మొగుడి పేర ఉన్నా అందులో ఉండే హక్కు ఆమెకుంది. మనోవర్తికి పాత 125 సెక్షన్ 2024 జూలై నుంచి కొత్త సంహితలో 144 అయింది, అది కూడా అన్ని మతాలవాళ్లకూ. విడిపోవాలా వద్దా అన్నది ఆమె, ఆమె దేవుడు తేల్చుకుంటారు. చట్టం లేదని అబద్ధం చెప్పే హక్కు కాపరికి లేదు.

అన్నింటికన్నా ప్రమాదం, నిజంగా జబ్బు పడ్డవాళ్ల విషయంలో. నిద్ర లేక, అన్నం సయించక, చచ్చిపోవాలనిపిస్తున్నది అని చెప్పే స్త్రీకి తైలం రాసి, అపవిత్రాత్మ అని గద్దించి, మందులు అవిశ్వాసమని మాత్రలు ఆపించడం నేరంతో సమానం. ప్రార్థన చేసుకోనివ్వండి, మాత్ర వేసుకోనివ్వండి, ఒకదానికొకటి అడ్డం కాదు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ ప్రకారం చికిత్స పొందడం ఆమె హక్కు, అందించడం ప్రభుత్వ బాధ్యత. 2022 అక్టోబరు నుంచి టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు. స్త్రీల కోసం 181 ఉంది. స్వస్థత కూటం పోస్టరులో కాపరి ఫోటో పెద్దగా వేస్తారు. కింద ఈ రెండు నంబర్లు వేయడానికి జాగా లేదా?

కంపెనీని కూడా వదలకూడదు. కోట్ల లాభాల్లో వాటా, బోనస్ ప్రకటనలు ఏటా చూస్తున్నాం. ఏరియా ఆసుపత్రుల్లో, డిస్పెన్సరీల్లో పర్మినెంటు, కాంట్రాక్టు తేడా లేకుండా స్త్రీలు వెళ్లి మాట్లాడుకునే మహిళా కౌన్సెలర్ కావాలని యూనియన్ల డిమాండ్ల పట్టికలో ఎన్నోది? గుర్తింపు సంఘం ఎన్నికల్లో క్వార్టర్ల ఏసీల గురించి వాగ్దానాలొస్తాయి. భార్యల గుండెల గురించి రాలేదు.

మన పని దగ్గరకొస్తే, కూటానికి వెళ్లొద్దని చెప్పే పని పెట్టుకోవద్దు. కూటం దగ్గరకే మనం వెళ్లాలి. చాలా మందిరాల్లో స్త్రీల సమాజాన్ని నడిపేది పాస్టరమ్మలు, వయసులో పెద్దయిన విధవరాళ్లు. ఎవరింట్లో ఏం జరుగుతున్నదో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. వాళ్లలో చాలామంది తామే దెబ్బలు తిని వచ్చినవాళ్లు. నెలకొక శుక్రవారం వాళ్ల దగ్గర అరగంట అడుగుదాం. గృహహింస ఫిర్యాదు ఎలా రాయాలో, 9.5 క్లాజులో ఏముందో, సంతకం అడిగితే ఎన్ని రోజులు గడువు అడగవచ్చో చెబుదాం. పాట వాళ్లు పాడతారు, మనం కూర్చుందాం. పాట రాకపోయినా చప్పట్లు కొట్టవచ్చు.

కాపరులు ఒప్పుకోకపోతే లూకా 18 తీసి చూపిద్దాం. విసుగు లేకుండా ప్రార్థించాలి అని చెప్పడానికి ఆ ఉపమానాన్నే వాడుతుంటారు. అందులోని విధవరాలు న్యాయాధిపతి గడప తొక్కి తొక్కి అడిగింది ఓదార్పు కాదు. తన ప్రతివాది మీద తీర్పు అడిగింది.